గోడ మీద చేతులు

(హైదరాబాద్‌లో చిత్రకళ, సినిమా చదువుకుంటున్న విద్యార్థుల ముందు ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాటల్లో వచ్చిన పునరుక్తులు కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారం.

పాత కట్టడాల మీద సినిమా వేయడం గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక గోడ గురించి, దాని మీద పడిన కొన్ని చేతుల గురించి చెప్తాను.

హిరోషిమాలో మోతొయాసు నది ఒడ్డున ఒక భవనం ఉంది. పైన డోము ఇనుప చట్రం మాత్రం మిగిలింది, అందులోంచి ఆకాశం కనిపిస్తుంది. ఫోటోల్లో మీరంతా చూసే ఉంటారు. 1915లో యాన్ లెట్జెల్ అనే చెక్ ఆర్కిటెక్ట్ దాన్ని వస్తు ప్రదర్శనశాలగా కట్టాడు. 1945 ఆగస్టు 6 ఉదయం బాంబు దాదాపు దాని నెత్తి మీదే పేలింది. చుట్టూ ఊరంతా నేలమట్టమైనా కొన్ని గోడలు మాత్రం నిలబడ్డాయి. ఉంచుదామా, కూల్చేద్దామా అని ఊరివాళ్లు ఏళ్లపాటు తర్జనభర్జన పడ్డారు. ఉంచాలని 1966లో నగర సభ తీర్మానం చేసింది. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1999 ఆగస్టు 7, 8 తేదీల్లో చీకటి పడ్డాక, ఆ భవనం కింద నది కరకట్ట మీద, ప్రొజెక్టర్ వెలుగులో చేతులు కనిపించాయి. మొహాలు లేవు. మనిషంత కాదు, చాలా పెద్ద చేతులు. పైన డోము ఒక తలలాగా, ఈ చేతులు దాని ఒళ్లో పెట్టుకున్నట్టుగా అమిరాయి. లౌడ్‌స్పీకర్లలోంచి ఒక్కొక్కరి గొంతు వస్తోంది. గొంతు తడబడినప్పుడు వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి. కింద నీళ్లలో ఆ చేతుల నీడ కదులుతోంది. నేను అక్కడ లేను, రికార్డింగే చూశాను. కానీ చాలా రోజులు ఎవరితో మాట్లాడుతున్నా ముందు వాళ్ల చేతులే చూసేవాణ్ని.

ఆ చేతులు బాంబు నుంచి బతికి బయటపడ్డవాళ్లవి. వాళ్లను జపాన్‌లో హిబాకుషా అంటారు. అందులో కొరియన్లూ ఉన్నారు. యుద్ధకాలంలో కొరియా నుంచి పనికి తెచ్చిన జనం ఆ ఊళ్లో వేలల్లో ఉండేవాళ్లు. వాళ్లూ కాలిపోయారు. కానీ వాళ్ల స్మారక స్తంభం 1970 నుంచి, బాంబుకు పోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టిన శాంతి పార్కు బయటే ఉండిపోయింది. లోపలికి మార్చింది ఎప్పుడో తెలుసా? 1999లో. ఈ చేతులు కరకట్ట మీద కనిపించిన ఏడాదే. అంటే ఊరి జ్ఞాపకంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అన్న గొడవ ఆ రాతి గోడ మీదకు కూడా వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మొహాలు ఎందుకు వేయలేదు? ఒక ఘోరాన్ని వెయ్యిసార్లు చెప్పిన మనిషికి మొహం అలవాటు పడిపోతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు దించాలో దానికి తెలిసిపోతుంది. చేతులకు ఆ తర్ఫీదు ఉండదు. మన ఇళ్లలో చూడండి, పెద్దావిడ పాత కష్టం చెప్తూ కొంగు చివర మడత పెడుతుంది, విప్పుతుంది, మళ్లీ మడత పెడుతుంది. మాటలన్నీ మనం మర్చిపోతాం గానీ ఆ కొంగు గుర్తుంటుంది. అందుకే అని నేను అనుకుంటాను.

ఈ పని చేసినాయన క్షిష్టోఫ్ వొడిచ్కో. 1943 ఏప్రిల్‌లో వార్సాలో పుట్టాడు. ఆ నెలలోనే అక్కడి ఘెట్టోలో, అంటే నాజీలు బంధించి ఉంచిన పేటలో, యూదులు తిరగబడ్డారు. 1977లో పోలండ్ వదిలి కెనడా వెళ్లాడు, తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. 1980ల మొదట్నుంచీ ఊళ్లలోని పెద్ద కట్టడాల మీద స్లైడ్లు వేస్తూ వచ్చాడు. ఆయన భవనాన్ని ఒక శరీరంలా చూస్తాడు. స్తంభాలు కాళ్లు, పై భాగం నుదురు. రోజూ దాని పక్క నుంచే పోతాం, అది మనతో ఏమంటోందో పట్టించుకోం. దాని మీద ఒక చెయ్యి వేస్తే చాలు, అరే, ఇది ఇన్నాళ్లూ మనల్ని చూస్తూనే ఉంది కదా అనిపిస్తుంది.

లండన్‌లో 1985లో జరిగింది చెప్తాను. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం మీద బొమ్మలు వేయడానికి ఆయనకు అనుమతి ఉంది. ఆ పక్కనే దక్షిణాఫ్రికా వాళ్ల రాయబార భవనం, సౌత్ ఆఫ్రికా హౌస్. వర్ణవివక్ష పాలన నడుస్తున్న రోజులు. ఆయన ఒక ప్రొజెక్టర్‌ను అటు తిప్పి, ఆ భవనం నుదుటి మీద నాజీల స్వస్తిక వేశాడు. రెండు గంటలు ఉంది, పోలీసులు వచ్చి ఆపించారు. గోడకు గీత పడలేదు, రంగు అంటలేదు. అయినా ఆ రాత్రి అటు పోయినవాళ్లకు మర్నాడు పగటి ఎండలో కూడా ఆ గుర్తు కనిపించి ఉంటుంది. వెలుగుతో చేసే పనిలో ఉన్న బలం అది. తుడిచేయడానికి ఏమీ మిగలదు కాబట్టి దాన్ని ఎవరూ తుడవలేరు.

ఆయన పనుల్లో నాకు బాగా దగ్గరైంది బాస్టన్‌లోది. చార్లెస్‌టౌన్ అనే పేటలో బంకర్ హిల్ స్మారకం ఉంది. 1775లో ఇంగ్లీషు సైన్యంతో జరిగిన యుద్ధానికి గుర్తుగా కట్టిన గ్రానైట్ స్తంభం, 221 అడుగుల ఎత్తు. స్కూలు పిల్లల్ని తీసుకెళ్లి మెట్లెక్కిస్తారు, స్వేచ్ఛ కోసం మనవాళ్లు ప్రాణాలిచ్చారు అని పాఠం చెప్తారు. అదే పేటలో ఇంకో సంగతి నడిచేది. కుర్రాళ్ల హత్యలు జరిగేవి. పట్టపగలు, జనం చూస్తుండగా కూడా. ఎవరూ సాక్ష్యం చెప్పేవాళ్లు కాదు. చూసినా చూడలేదనేవాళ్లు. నోరు విప్పకపోవడమే అక్కడి కట్టుబాటు. చాలా కేసులు తేలకుండానే మూలపడ్డాయి. చంపినవాడెవడో తల్లికి తెలుసు, వాడు రోజూ వీధిలో ఎదురుపడతాడు కూడా.

1998 సెప్టెంబర్ 24, 25, 26, మూడు రాత్రులు ఆ స్తంభం మీద ఆ తల్లులు మాట్లాడారు. వాళ్లతోపాటు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్లూ మాట్లాడారు. స్తంభం సన్నగా ఉంటుంది కాబట్టి బొమ్మ కూడా సన్నగానే, తల నుంచి చేతుల దాకా సరిగ్గా అమిరింది. అంత ఎత్తున ఒక మామూలు ఇంటి ఇల్లాలు నిలబడి తన కొడుకు ఎలా చనిపోయాడో చెప్తుంటే, కింద అదే పేట జనం తలెత్తి వింటున్నారు. వంటింట్లో చెప్పినా, పోలీస్ స్టేషన్‌లో చెప్పినా వినని మాట అది. ఆ స్తంభం ఎక్కి చెప్పేసరికి వినక తప్పలేదు. ఎందుకంటే ఆ స్తంభం మాట కాదనడానికి ఆ ఊరికి మనసు రాదు. చిన్నప్పట్నుంచీ దాన్ని చూసి గర్వపడ్డవాళ్లు వాళ్లు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. అదే సినిమా థియేటర్‌లో వేస్తే కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి పోతారు. పక్క ఊరి గోడ మీద వేస్తే తెల్లటి చోటు దొరికింది గనక వేశారు అంటారు. ఆ గోడ మీదే ఎందుకు వేయాలి అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. లేకపోతే ప్రొజెక్టర్ సర్దుకుని వెళ్లిపోవడం మంచిది. నేను కొంచెం గట్టిగానే చెప్తున్నాను. ఈ మధ్య మన దగ్గర ఈ ప్రశ్న అడగకుండానే చాలా గోడలు వెలిగిపోతున్నాయి.

గోడ ఒప్పుకుంటుంది, గోడ చాటున ఉన్నవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అది బెర్లిన్‌లో తెలిసింది. షిమోన్ ఆటీ అనే అమెరికన్ కళాకారుడు 1991లో బెర్లిన్ వెళ్లాడు. అప్పటికి బెర్లిన్ గోడ కూలి రెండేళ్లు. అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర షోయ్‌నెన్‌ఫీర్టెల్ అని ఒక పేట. 1920లు, 30లలో తూర్పు యూరప్ నుంచి వచ్చిన పేద యూదులు అక్కడ ఉండేవాళ్లు. పుస్తకాల కొట్లు, కోళ్ల అంగళ్లు, గడ్డాల ముసలివాళ్లు, గుమ్మాల్లో ఆడుకునే పిల్లలు. ఆటీ వెళ్లేసరికి ఆ వీధుల్లో వాళ్లెవరూ లేరు. పాత ఫోటోలు వెతికి, అవి ఎక్కడ తీశారో పోల్చుకుని, రాత్రిపూట అదే ఇంటి మీద, కుదరకపోతే పక్కింటి మీద స్లైడ్లుగా వేశాడు. ఆల్మ్‌స్టాట్ వీధిలో 43వ నంబర్ ఇంటి మీద 1930 నాటి హీబ్రూ పుస్తకాల కొట్టు మళ్లీ తెరుచుకుంది. ఆ కొట్టు ఉన్నరోజుల్లో ఆ వీధి పేరు గ్రెనాడియర్ వీధి. వీధి పేరు కూడా మారిపోయింది, చూడండి.

ఒక రాత్రి ఒక ఇంటాయన పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు. ఈ ఇల్లు మా నాన్న 1938లో ఒక యూదుడి దగ్గర న్యాయంగా డబ్బిచ్చి కొన్నాడు అని అరిచాడు. ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. అమ్మినాయన ఏమయ్యాడు అని ఆటీ అడిగితే, న్యూయార్క్ వెళ్లి కోటీశ్వరుడయ్యాడు అన్నాడట. నాజీల పాలనలో, 1938లో బెర్లిన్‌లో యూదుడు ఇల్లు అమ్ముకోవడమంటే దిక్కులేక వదులుకోవడమేనని మీకు తెలుసు. అరవై ఏళ్ల పాత ఫోటో ఒకటి కాసేపు గోడ మీద నిలబడేసరికి, ఎవరూ వేయని నిందకు ఆయన సంజాయిషీ చెప్పుకున్నాడు. చరిత్ర పుస్తకం ఆయన చేత ఆ మాట అనిపించగలిగేదా?

ఇక మన వైపు వద్దాం.

తోలుబొమ్మలాట పుట్టిన నేల మనది. పల్చటి పంచెలు కట్టి, వెనక ఆముదం దీపం పెట్టి, రాత్రంతా రామాయణం ఆడించారు. వెలుగుతో కథ చెప్పడం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. కాకపోతే ఒక తేడా ఉంది. తోలుబొమ్మలాటలో వెలుగు తెర వెనక నుంచి వస్తుంది, తెర దారిస్తుంది. గోడ దారివ్వదు. వచ్చిన వెలుగును ఆపుతుంది, తన రంగు, తన పగుళ్లు, తన పెచ్చులు కలిపి మనకు తిప్పి పంపుతుంది. సున్నం గోడ మీద పడిన మొహం ఒకలా ఉంటుంది, నల్ల గ్రానైట్ మీద ఇంకోలా ఉంటుంది. రాయి వెలుగును తాగేస్తుంది, బొమ్మ మసగ్గా వస్తుంది. ఆ మసకే మంచిది, గోడను చెరపదు.

సౌండ్ అండ్ లైట్ షో అనే పద్ధతి 1952లో ఫ్రాన్స్‌లో షాంబోర్ కోటలో మొదలైంది. మన గోల్కొండలోనూ చూస్తున్నాం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే, చీకట్లో ఎక్కడో ఒక బురుజు మాత్రం ఎర్రగా వెలిగి గుర్రాల డెక్కల చప్పుడు వినిపించినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. దానికి నేను రుణపడి ఉన్నాను. కానీ ఇప్పుడొచ్చే త్రీడీ మ్యాపింగ్ షోల్లో చాలావాటిని చూస్తే బాధేస్తుంది. మూడు వందల ఏళ్ల గోడ కూలినట్టు, కరిగినట్టు, పూలు పూసినట్టు చేస్తారు. జనం ఈలలు వేస్తారు. ఆ గ్రాఫిక్స్ ఇంకో ఊరి రైల్వే స్టేషన్ మీద వేసినా సరిగ్గా సరిపోతాయి. అక్కడ ఆ భవనం కేవలం బట్టల దుకాణంలో బొమ్మ. ఏ చీర కడితే ఆ చీర.

ఈ ఊళ్లోనే ఎన్ని గోడలు ఉన్నాయో ఆలోచించండి. కోఠిలో రెసిడెన్సీ ఉంది, నిజాం కాలంలో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి ఉన్న భవనం. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దాని మీదకు వెళ్లారు. తర్వాత ఒకాయన్ని చంపారు, ఒకాయన్ని అండమాన్ పంపారు. అదే భవనంలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. తెల్లదొరల కోసం కట్టిన మెట్ల మీద టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్న అమ్మాయిలు కొన్ని వేలమంది. ఆ స్తంభాల మీద ఎవర్ని నిలబెట్టాలి? తుర్రేబాజ్ ఖాన్‌నా, 1960ల్లో ఊరి నుంచి మొదటిసారి హాస్టల్‌కి వచ్చిన ఒక అమ్మాయినా? నేనైతే ఇద్దర్నీ నిలబెడతాను, కానీ ఆ అమ్మాయి ఇప్పుడు ఎనభై ఏళ్ల పెద్దావిడ, ముందు ఆవిడ దగ్గరికే కెమెరాతో పరిగెత్తుతాను.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఇంకొకటి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది, వేలమంది పోయారు. దాదాపు 150 మంది ఒక చింతచెట్టు పట్టుకుని బతికారు. ఆ చెట్టు ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఏటా ఆ తేదీన కొందరు దాని కింద చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. వరద చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు, మనవళ్లు, మునిమనవళ్లు ఉన్నారు. మా ఇంట్లో ఇలా చెప్పుకునేవాళ్లం అని వాళ్లు చెప్పేది కూడా సాక్ష్యమే. ఒకరు చూసిన దాన్ని నలుగురు మోస్తేనే అది ఊరి జ్ఞాపకం అవుతుంది.

దీంట్లో ప్రమాదాలు ఉన్నాయి, అవీ చెప్పాలి. 2001లో మెక్సికో సరిహద్దు ఊరు టిహువానాలో ఇదే వొడిచ్కో, సాంస్కృతిక కేంద్రం గుండ్రటి గోపురం మీద ఫ్యాక్టరీ కార్మికురాళ్ల మొహాలు వేశాడు. రికార్డింగు కాదు, లైవ్. నెత్తికి చిన్న కెమెరా, మైకు తగిలించుకుని, జనం మధ్య నిలబడి వాళ్లు మాట్లాడారు. ఇంట్లో కొట్టినవాడి గురించి, పనిచోట చెయ్యి వేసినవాడి గురించి, పోలీసుల గురించి. గోపురం మీద మొహం ఎంత పెద్దదో, మర్నాడు బస్సెక్కినప్పుడు ఆ మనిషికి ఉండే భయం కూడా అంత పెద్దది. వాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిది అంటే, ముందు నెలల తరబడి కూర్చుని మాట్లాడుకోవడంలోంచి వచ్చింది. మీరు రేపు ఎవరి గొంతైనా గోడ మీద పెట్టేముందు, షో అయిపోయాక వాళ్లు ఎక్కడ పడుకుంటారో, పక్కింట్లో ఎవరున్నారో కనుక్కోండి. సంతకం పెట్టించుకున్న కాగితం ఒక్కటే చాలదు.

సమయం కూడా చూసుకోవాలి. వాషింగ్టన్‌లో హర్షార్న్ మ్యూజియం గుండ్రటి గోడ మీద 1988లో ఆయన ఒక చేతిలో కొవ్వొత్తి, ఒక చేతిలో తుపాకీ, మధ్యలో మైకులు వేశాడు. 2018 ఫిబ్రవరిలో మళ్లీ అదే వేస్తున్నారు. ఆ వారంలోనే ఫ్లోరిడాలో ఒక స్కూల్లో పిల్లల్ని కాల్చి చంపారు. షో ఆపేసి మార్చికి వాయిదా వేశారు. బొమ్మ మారలేదు, కానీ అది చూసే కళ్లలో నొప్పి మారింది. ఆపడం సరైన పనే అనుకుంటాను.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను.

మా అమ్మమ్మగారి ఊరు దివిసీమలో. 1977 నవంబర్ 19, శనివారం. ఉప్పెన వచ్చింది. సర్కారు లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. మా ఊళ్లో ఒకే ఒక్క మేడ ఉండేది. డంగు సున్నంతో కట్టిన పాతకాలపు మేడ. చుట్టూ మట్టి ఇళ్లు, పూరిళ్లు. నీళ్లొచ్చిన రాత్రి ఎక్కగలిగినవాళ్లంతా దాని మీదకు ఎక్కారు. మా అమ్మ కూడా. అప్పుడు తనకు పదమూడేళ్లు.

నాలుగేళ్ల కిందట, ఆ తేదీకి, ఆ మేడ గోడ మీద ఒక సినిమా వేద్దామని మేం నలుగురం బయల్దేరాం. మేడ వాళ్ల పిల్లలంతా ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. ఫోన్ చేస్తే సంతోషంగా ఒప్పుకున్నారు. విజయవాడలో పెళ్లిళ్లకు ఎల్ఈడీ తెరలు కట్టేవాళ్ల దగ్గర రెండు ప్రొజెక్టర్లు అద్దెకు తెచ్చాం. జనరేటర్ పెట్టాం. లైన్‌మన్‌ని బతిమాలి మూడు వీధి లైట్లు ఆర్పించాం. వీధి లైటు ఒక్కటి వెలుగుతున్నా బొమ్మ పాలిపోతుంది, ఈ పనిలో సగం టెన్షన్ దాంతోనే.

మొదటి రాత్రి పెద్ద తప్పు చేశాను. సముద్రపు అలలు తీసి, గోడ అడుగు నుంచి పైకి నీళ్లు ఎక్కుతున్నట్టు వేశాను. హోరు కూడా పెట్టాను. చూడటానికి చాలా బాగుంది, మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేచి నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. "బాబూ, నీళ్లు చూపించకయ్యా. మాకు తెలుసు నీళ్లు ఎలా ఉంటయ్యో" అన్నాడు. వెంటనే ఆపేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చూసినవాళ్లకు మళ్లీ చూపించాలనుకోవడం ఏమిటి? వాళ్లు చూసింది మనకు చూపించాలి గాని.

మర్నాడంతా ఊళ్లో తిరిగాం. ఎవరింటికి వెళ్లినా ఒకటే అడిగాం: నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్? అందరూ మాట కంటే ముందు చెయ్యి ఎత్తారు. "ఇదిగో, ఇక్కడిదాకా." ఆ చేతులే తీశాం. పదిహేడు మంది చేతులు. ఒక్కొక్కరిదీ మేడ గోడ మీద నిజంగా వాళ్లు చూపించిన ఎత్తులోనే పడేటట్టు, టేపు పెట్టి కొలిచి ప్రొజెక్టర్ సర్దాం.

రెండో రాత్రి గోడ మీద చీకట్లోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది, ఒక చోట ఆగుతుంది, "ఇక్కడిదాకా" అంటుంది. తర్వాత ఇంకో చెయ్యి. ఒకరిది కిటికీ అడుగు దగ్గర ఆగింది. ఒకరిది ద్వారబంధం మీద. ఒకాయన చెయ్యి చాలా పైన, పిట్టగోడకు కొంచెం కింద. ఒక్కరి ఎత్తు ఇంకొకరితో కలవలేదు. నాకు గాభరా వేసింది, ఇదేంటి, ఎవరిది నిజం అని. జనంలో వాదన మొదలైంది. "అంత రాలేదు లేవే" అని ఒకావిడ. "నువ్వు మేడ మీదున్నావు, నీకు తక్కువగా కనపడింది. నేను కింద తాటి దుంగ పట్టుకుని ఉన్నా" అని ఇంకొకాయన. నలభై ఏళ్లుగా ఒకే వీధిలో ఉంటూ వాళ్లు ఆ సంగతి ఒకరితో ఒకరు ఇంత వివరంగా మాట్లాడుకోలేదు. గోడ ఎదురుగా ఉండేసరికి చూపించి మాట్లాడుకునే వీలు దొరికింది. నేను ఏ ఎత్తునూ సరిదిద్దలేదు.

ఆ వాదనలోనే దళితుల పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అంది: "ఆ రాత్రి మేమూ ఎక్కాం ఈ మేడ. అంతకు ముందు ఈ గుమ్మం తొక్కింది లేదు. నీళ్లు తీసిన వారానికి మళ్లీ గుమ్మం బయటే." ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ నా పక్కనే ఉంది. ఆ మేడ మీద అందరూ కలిసి ఉన్నాం, కులం గిలం లేదు ఆ రాత్రి అని చిన్నప్పట్నుంచి నాకు చెప్పిన మనిషి. తను తల దించుకుంది. అమ్మ అబద్ధం చెప్పలేదు, ఆ రాత్రి అలాగే జరిగింది. ఆ తర్వాతి వారం గురించి మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదు. హిరోషిమాలో ఆ స్మారకం ఇరవై తొమ్మిదేళ్లు పార్కు బయట ఎందుకు ఉందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పెద్దావిడ మాట తర్వాత సినిమాలో చేర్చాం. మేడ వాళ్లకు పంపాం కూడా. చాలా రోజులు జవాబు రాలేదు. తర్వాత ఉంచండి అన్నారు.

షో అయ్యాక ప్రొజెక్టర్లు ఆపేశాం. వీధి లైట్లు ఇంకా వేయలేదు. జనం ఇళ్లకు పోకుండా గోడ దగ్గరికి వెళ్లారు. సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఎవరి ఎత్తు దగ్గర వాళ్లు నిజంగా చెయ్యి ఆనించి చూసుకుంటున్నారు. పిల్లలు కూడా, తాతల భుజాలెక్కి. పెచ్చులూడిన సున్నం వాళ్ల అరచేతులకు అంటుకుంటోంది.

ఒక ముసలావిడ ఉంది. మేం ఇంటికి వెళ్లినప్పుడు కెమెరా ముందు కూర్చోనంది, మేం బలవంతపెట్టలేదు. ఆవిడ మెల్లగా గోడ దగ్గరికొచ్చి, వంగి, నడుముకన్నా కింద, మోకాలికి కొంచెం పైన చెయ్యి పెట్టింది. పక్కనున్న కుర్రాడు లైటు పట్టుకుని, "నీళ్లు అంతేనా మామ్మా?" అన్నాడు.

"నీళ్లు కాదురా" అంది. "మా పిల్లోడు ఇంతుండేవాడు."